జీటీఓ కన్వర్టిబుల్: అసలుదో కాదో తేలాకే రెంచి పట్టాలి

సంక్షిప్తంగా: పాంటియాక్ జీటీఓ అమెరికాలో తయారైన పాత శక్తివంతమైన కారు, ‘జడ్జ్’ దాని ప్రత్యేక ప్యాకేజీ, కన్వర్టిబుల్ అంటే మడిచే గుడ్డ కప్పు ఉన్నది. 1969 పాంటియాక్ జీటీఓ ‘జడ్జ్’ కన్వర్టిబుల్ అంటూ అమ్మకానికి వచ్చిన కారు నిజంగా అదేనా అన్నది ఛాసిస్ నంబరు ఒక్కటే చెప్పలేదు. ఫ్యాక్టరీ బిల్లు, ఇంజిన్ మీది ముద్రలు, విడిభాగాల పోత తేదీలు, ఫ్రేమ్ నిర్మాణం, ఇవన్నీ ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ ఆధారాల్లో చాలావరకు మరమ్మతు పనిలోనే చెరిగిపోతాయి. అందుకే పరీక్షనూ పునరుద్ధరణనూ రెండు వేర్వేరు పనులుగా చూడకూడదు.

## చిక్కు ఎక్కడుంది

జనరల్ మోటార్స్‌లోని పాంటియాక్ విభాగం 1964 నుంచి 1971 వరకు జీటీఓను కన్వర్టిబుల్‌గా కూడా తయారు చేసింది. 1969 మోడల్‌లో మొత్తం 72,287 జీటీఓలు తయారైతే వాటిలో మామూలు కన్వర్టిబుళ్లు 7,328. జడ్జ్ ప్యాకేజీతో వచ్చినవి 108 మాత్రమే. ఆ సంఖ్య 1970లో 168, 1971లో 17. 1972లో జీటీఓ కన్వర్టిబుల్‌ను ఫ్యాక్టరీ అసలు ఇవ్వలేదు. ఆ ఏడాది పేరుతో ఎవరైనా చూపిస్తే అది పాంటియాక్‌దే మరో మోడలైన లెమాన్స్ కన్వర్టిబుల్‌కు జీటీఓ వేషం కట్టిన బండి.

మామూలు జీటీఓకూ జడ్జ్‌కూ ఇనుములో తేడా చాలా తక్కువ, ధరలో తేడా చాలా ఎక్కువ. గందరగోళానికి మూలం ఇదే. డిక్కీ మీది రెక్క, పక్కల రంగు చారలు, ట్రిమ్ రింగులు లేని ర్యాలీ టూ చక్రాలు, ఇంగ్లిష్ టీ ఆకారపు పిడి ఉన్న హర్స్ట్ గేర్ లివర్, బ్యాడ్జీలు, ఇవన్నీ ఇప్పుడు కొత్తగా తయారై కేటలాగుల్లో దొరుకుతున్నాయి. డబ్బు పెడితే మామూలు కన్వర్టిబుల్‌ను కొన్ని వారాల్లో జడ్జ్‌లా మార్చేయవచ్చు. అలా మార్చానని చెప్పి అమ్మడంలో తప్పు లేదు. చెప్పకుండా అమ్మితేనే మోసం. రెండు మూడు చేతులు మారేసరికి ఆ మాట చెప్పేవాళ్లు మిగలరు. నిజాయితీగా అమ్మేవాళ్లకు కూడా తమ బండి చరిత్ర పూర్తిగా తెలియకపోవడం మామూలే.

## ఛాసిస్ నంబరు చెప్పేదెంత

1969 నంబరులో 13 స్థానాలుంటాయి. మొదటి 2 అంటే పాంటియాక్, తర్వాతి 42 అంటే జీటీఓ, 67 అంటే కన్వర్టిబుల్, 9 అంటే 1969. ఆ తర్వాత ప్లాంటు అక్షరం వస్తుంది. పీ అంటే మిషిగన్‌లోని పాంటియాక్ నగరం, బీ అంటే బాల్టిమోర్, ఆర్ అంటే ఆర్లింగ్టన్, జడ్ అంటే ఫ్రీమాంట్. చివరి ఆరంకెలు వరస సంఖ్య. 242679తో మొదలైతే అది 1969 జీటీఓ కన్వర్టిబుల్. అంతవరకే తేలుతుంది. జడ్జ్ ప్యాకేజీ ఉందా, ఏ ఇంజిన్‌తో వచ్చింది, మాన్యువల్ గేరా, ఆటోమేటిక్కా అన్నవి ఈ నంబరులో లేవు.

1964, 1965 కార్లకు ఈ మాత్రం ఆధారం కూడా లేదు. అప్పట్లో జీటీఓ అంటే లెమాన్స్ కారుకు అదనంగా ఎంచుకునే ప్యాకేజీ. 1965 జీటీఓ నంబరు కూడా మామూలు లెమాన్స్‌లాగే 237తో మొదలవుతుంది. 242 వరస 1966లో మొదలైంది.

1968 నుంచి ఈ నంబరు ప్లేటు డ్యాష్‌బోర్డు మీద, డ్రైవర్ వైపు అద్దం కింద ఉంటుంది. అంతకుముందు డ్రైవర్ తలుపు కీళ్ల స్తంభం మీద ఉండేది. ప్లేటును పట్టుకునే రివెట్లు మామూలువి కావు, ఆరు రేకుల పువ్వులా ఉంటాయి. గుండ్రటి పాప్ రివెట్లు కనిపించినా, ప్లేటు అంచు వంగి ఉన్నా, రివెట్ చుట్టూ కొత్త గీతలున్నా బేరం అక్కడే ఆపాలి. ఛాసిస్ నంబరును తొలగించడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం. మరమ్మతు కోసం ప్లేటు తీసి మళ్లీ పెట్టడానికి కూడా రాష్ట్ర చట్టం అనుమతి ఉండాలి. డ్యాష్ మార్చాల్సి వస్తే ముందే ఆ రాష్ట్ర మోటారు వాహనాల విభాగంలో అడగడం మేలు.

## కాగితం: ఇతర కంపెనీలతో పోలిస్తే పాంటియాక్ కొన్నవాళ్లు నయం

పాంటియాక్ హిస్టారికల్ సర్వీసెస్ అనే సంస్థ దగ్గర 1961 నుంచి 1986 వరకు ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డులున్నాయి. ఛాసిస్ నంబరు ఇచ్చి ఫీజు కడితే ఆ కారు అసలు బిల్లు నకలు వస్తుంది. ఏ డీలరుకు పంపారు, ఏ ఇంజిన్, ఏ గేర్‌బాక్స్, ఏ రంగు, ఏయే ఆప్షన్లు అన్నవన్నీ అందులో ఉంటాయి. జడ్జ్ ప్యాకేజీ, అంటే డబ్ల్యూటీ1, ఆ బిల్లులో కనిపించకపోతే కారు మీద ఎన్ని బ్యాడ్జీలున్నా అది జడ్జ్ కాదు. అమ్మేవాళ్లు చూపించే నకలు మీద ఆధారపడకుండా కొనేవాళ్లే నేరుగా తెప్పించుకోవాలి. నకలును దిద్దడం కష్టమైన పనేమీ కాదు.

షెవర్లే వాళ్లకు ఈ సౌకర్యం లేదు. 1969 షెవెల్ ఎస్‌ఎస్ 396కు ఛాసిస్ నంబరులో ఎస్‌ఎస్ అన్న గుర్తు ఉండదు. అదే 1966 నుంచి 1968 వరకైతే 138 వరస చూసి గుర్తుపట్టవచ్చు. 1969 కారుకు మిగిలే ఆధారం బిల్డ్ షీట్ (ఆ కారుకు ఏమేం బిగించాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం), లేదా డీలరు ఇచ్చిన వారంటీ లోహపు బిళ్ల. ఫోర్డ్ కార్లకు 1967 నుంచి మార్టి రిపోర్ట్ (ఫ్యాక్టరీ రికార్డుల ఆధారంగా ఇచ్చే నివేదిక) దొరుకుతుంది. క్రైస్లర్ కార్లలో నంబరు ఐదో స్థానమే ఇంజిన్‌ను చెబుతుంది. అక్కడ ఆర్ ఉంటే 426 క్యూబిక్ అంగుళాల ‘హెమీ’ ఇంజిన్. 1970లో ప్లిమత్ ‘హెమీ కుడా’ మోడల్ కన్వర్టిబుళ్లు 14 మాత్రమే తయారయ్యాయి కాబట్టి ఆ ఒక్క అక్షరానికి ఎంత విలువో ఊహించవచ్చు.

## ముద్రలూ తేదీలూ

కాగితం కారు ఎలా పుట్టిందో చెబుతుంది. ఇప్పుడు బానెట్ కింద ఉన్నది ఆ ఇంజినేనా అన్నది ఇనుము మీది ముద్రలే చెప్పాలి.

1968 నుంచి ఇంజిన్ బ్లాక్ మీదా గేర్‌బాక్స్ మీదా ఛాసిస్ నంబరులోని కొంత భాగాన్ని కొట్టారు. పాంటియాక్ బ్లాక్‌లో ఇది ముందువైపు, ప్రయాణికుడి పక్కన, టైమింగ్ కవర్ దగ్గర ఉంటుంది. ఆ పక్కనే, సిలిండర్ హెడ్‌కు కాస్త కింద, రెండక్షరాల ఇంజిన్ కోడ్ ఉంటుంది. 1969 జడ్జ్‌కు వచ్చిన ఇంజిన్లు రెండు రకాలు, ర్యామ్ ఎయిర్ 3, ర్యామ్ ఎయిర్ 4. ర్యామ్ ఎయిర్ 3 ఇంజిన్‌కు మాన్యువల్ గేరుతో డబ్ల్యూఎస్, ఆటోమేటిక్‌తో వైజడ్. ర్యామ్ ఎయిర్ 4కు మాన్యువల్‌తో డబ్ల్యూడబ్ల్యూ, ఆటోమేటిక్‌తో ఎక్స్‌పీ. 4వ రకానికి 722 సంఖ్య ఉన్న హెడ్లు వస్తాయి. వాటి పొగ రంధ్రాలు గుండ్రంగా ఉంటాయి, 3వ రకంలో ఇంగ్లిష్ డీ అక్షరంలా ఉంటాయి. కోడ్ ఒకటి, రంధ్రాల ఆకారం ఇంకొకటి అయితే హెడ్లు మారాయన్నమాట.

షెవర్లేతో ఇక్కడో ముఖ్యమైన తేడా ఉంది. షెవర్లే వీ8లో ముద్రలు బ్లాక్ డెక్ మీదే, హెడ్ కూర్చునే తలంతో ఒకే ఎత్తులో ఉంటాయి. ఇంజిన్ ఓవర్‌హాల్‌లో డెక్‌ను ఒక పొర చెక్కితే నంబరు పోతుంది. అందుకే షెవర్లేలో ముద్ర లేదంటే మోసమే అనుకోనక్కర్లేదు, మెషిన్ షాపు పని కూడా కావచ్చు. పాంటియాక్ ముద్రలు ముందు ముఖం మీద ఉన్నాయి కాబట్టి డెక్ చెక్కినా పోవు. పాంటియాక్ బ్లాక్ మీద నంబరు లేదంటే ఎవరో కావాలని గ్రైండ్ చేసి ఉండవచ్చని, లేదా వారంటీ కింద మార్చిన బ్లాక్ అయి ఉండవచ్చని అనుకోవాలి. ఆ చోట ఫ్యాక్టరీ మెషిన్ పని గీతలు చుట్టుపక్కల తలంతో కలిసిపోతున్నాయో లేదో టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. కొత్తగా గ్రైండ్ చేసిన చోట గీతల దిశ మారుతుంది, అంకెల లోతు ఒకేలా ఉండదు.

తేదీలు ఇంకా గట్టి సాక్ష్యం. పాంటియాక్ పోత తేదీలో అక్షరం నెలను చెబుతుంది. ఎ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. ‘ఎ 14 9’ అని బ్లాక్ వెనుక డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉంటే 1969 జనవరి 14న పోసిన బ్లాక్. క్వాడ్రాజెట్ కార్బురేటర్ మీది నాలుగంకెల్లో మొదటి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో, చివరిది సంవత్సరం. 0159 అంటే 1969లో 15వ రోజు. ఇక ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కారు లోపలికీ మధ్య గోడ) మీది బాడీ ప్లేటులో ‘02బీ’ ఉంటే ఫిబ్రవరి రెండో వారం. ఈ మూడూ చక్కగా పొసుగుతాయి. విడిభాగం పుట్టిన తర్వాతే కారు పుట్టాలి, సాధారణంగా కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల తేడాతో. మార్చి 20న పోసిన బ్లాక్ ఫిబ్రవరి కారులో ఉంటే ఏ కథ చెప్పినా అది పుట్టుకతో వచ్చిన ఇంజిన్ కాదు. ఇదే లెక్క జడ్జ్‌కూ వర్తిస్తుంది. ఆ ప్యాకేజీని పాంటియాక్ ప్రకటించిందే 1968 డిసెంబరులో. బాడీ ప్లేటు మీద అక్టోబరు వారం ఉన్న కారును జడ్జ్ అంటే నమ్మడానికి వీల్లేదు.

## కప్పు కోసేసిన హార్డ్‌టాప్ కాదు కదా

67 అన్న అంకెలు ఉన్నాయి కాబట్టి సందేహం లేదనుకోవచ్చు. తుప్పు పట్టి పోయిన కన్వర్టిబుల్ నుంచి ప్లేటు తీసి వేరే బాడీకి బిగించే అవకాశం మాత్రం ఉంది. ఇక్కడ ఫ్రేమ్ సాయపడుతుంది. 1964-72 మధ్య ఈ తరగతి జనరల్ మోటార్స్ కార్లలో కన్వర్టిబుళ్లకు పక్క రైళ్లు (ఫ్రేమ్ పక్కల పొడవాటి ఉక్కు దూలాలు) నాలుగు వైపులా మూసిన పెట్టె ఆకారంలో వచ్చాయి. ఇనుప కప్పు ఉన్న మామూలు హార్డ్‌టాప్‌కు ఒక వైపు తెరిచిన సీ ఆకారం. పైన ఇనుప కప్పు లేకపోతే బాడీ మెలితిరగకుండా ఆపే పని కింది ఫ్రేమ్ చేయాలి. అందుకే ఆ తేడా. కారు కింద పడుకుని తలుపుల కింది రైలును లోపలి వైపు నుంచి తడిమి చూస్తే తెలిసిపోతుంది. డ్రైవర్ వైపు రైలు పైభాగంలో, వెనుక చక్రానికి ముందు ఛాసిస్ నంబరు భాగం కొట్టి ఉంటుంది. బాడీ దించకుండా అది కనిపించడం కష్టం. సన్నటి కెమెరా దూర్చి ప్రయత్నించవచ్చు. హీటర్ పెట్టె వెనుక ఫైర్‌వాల్ మీద కూడా ఇలాంటి ముద్ర ఉంటుంది.

## విప్పే ముందు

వెనుక సీటు స్ప్రింగుల్లో, పెట్రోలు ట్యాంకు మీద బిల్డ్ షీట్ కాగితం ఇరుక్కుని ఉండవచ్చు. ట్యాంకును ఒక్కసారిగా కిందికి దించితే యాభై ఏళ్ల కాగితం పొడి అవుతుంది. నాలుగు అంగుళాలు దించి, టార్చి వేసి చూసి, ఫొటో తీశాకే చేయి పెట్టాలి. ఫైర్‌వాల్ మీద ఫ్యాక్టరీ వాళ్లు సుద్దతో రాసిన గుర్తులు, స్ప్రింగులకు కట్టిన కాగితపు ట్యాగులు, ఫ్రేమ్ మీది స్టెన్సిల్ అంకెలు ప్రెషర్ వాష్ దెబ్బకు ఐదు నిమిషాల్లో మాయమవుతాయి. సాండ్ బ్లాస్టింగ్‌లో ముద్రలే మొద్దుబారతాయి. నంబరున్న ప్రతి చోటును మందపాటి టేపుతో, దానిపై రబ్బరు ముక్కతో కప్పి పంపాలి.

బాడీని ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ప్రతి బోల్టు దగ్గర ఎత్తు సరిచేసే ఎన్ని షిమ్ముల బిళ్లలున్నాయో కూడా రాసుకోవాలి. తర్వాత తలుపులు సరిగ్గా మూసుకోకపోవడానికి సగం కారణం ఈ లెక్క పోవడమే.

## బాడీ పని: కన్వర్టిబుల్‌లో అసలు పరీక్ష

మూసి ఉన్న ఫ్రేమ్ గట్టిది. అదే దాని బలహీనత కూడా. లోపలికి చేరిన బురద, ఉప్పు నీరు బయటకు రావు. సీ ఆకారపు రైలు ఆరిపోతుంది, పెట్టె రైలు లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట రంగు బాగానే కనిపిస్తుంది. వెనుక యాక్సిల్ పైకి ఫ్రేమ్ వంపు తిరిగే చోట చిన్న సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే మంచిదే. ధ్వని బొంగురుపోయిందంటే ఆ ముక్క కోసి మార్చాల్సిందే. పని ముగిశాక రైలు లోపల మైనం పూత పట్టించాలి.

తుప్పు ఎక్కువగా పట్టే చోట్లు రాకర్ ప్యానెళ్లు (తలుపుల కింది పొడవాటి రేకు భాగాలు), ఫ్లోర్, డిక్కీ అడుగు మూలలు, వెనుక రెక్కల (వెనుక చక్రాల పక్క రేకుల) కింది భాగం. పై గుడ్డ కప్పు, రబ్బర్ బీడింగ్ ఎండిపోయాక నీరు సీట్ల కిందికి, డిక్కీలోకి కారడమే దీనికి కారణం. హార్డ్‌టాప్‌లో రాకర్ తుప్పు పడితే అందం చెడుతుంది. కన్వర్టిబుల్‌లో బాడీ నడుము వంగిపోతుంది. తలుపు వెనుక సందు పైభాగంలో ఇరుకుగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ మధ్యలో కుంగిందని అర్థం.

ఇక్కడే చాలా పనులు చెడతాయి. రాకర్ కోయడానికి ముందే తలుపు ఖాళీలో ముందు స్తంభం నుంచి వెనుక స్తంభానికి 25 మి.మీ. చదరపు గొట్టాలు వెల్డ్ చేయాలి, రెండు పక్కలా, ఆపై కారు అడ్డంగా ఒకటి. తర్వాత రెండు మూలల మధ్య ఐమూల కొలతలు తీయాలి. కుడి ఎడమల తేడా 3 మి.మీ. దాటితే ముందు దాన్ని సరిచేయాలి. ఈ ఆధారం లేకుండా బాడీని ఫ్రేమ్ నుంచి పైకి లేపితే అది తన బరువుకే వంగుతుంది. అలా వంగిన తర్వాత వెల్డ్ చేసిన కొత్త రాకర్ ఆ వంకరను శాశ్వతం చేస్తుంది.

వరస ఇలా ఉండాలి. ముందు ఫ్రేమ్ బాగుచేసి నిటారుగా ఉందో కొలవాలి. కొత్త బాడీ రబ్బర్లు వేసి బాడీని కూర్చోబెట్టాలి, ఎందుకంటే నలిగిన పాత రబ్బర్ల మీద సరిచేసిన సందులు కొత్తవి వేయగానే మారిపోతాయి. బరువు సస్పెన్షన్ మీదే ఉండాలి. తలుపులు తగిలించి సందులు 4-5 మి.మీ.కు తెచ్చాకే రాకర్, అదీ ఒక పక్క పూర్తయ్యాక రెండో పక్క. పాత స్పాట్ వెల్డ్‌లను 8 మి.మీ. కట్టర్‌తో తొలిచి, కొత్త ముక్కకు అవే చోట్ల ప్లగ్ వెల్డ్ వేయాలి. రేకుకు 0.6 మి.మీ. మిగ్ తీగ సరిపోతుంది. ఒకే చోట వరసగా వేయకుండా అంగుళానికో చుక్క పెట్టి, అటొకటి ఇటొకటి వేస్తూ చల్లారనివ్వాలి. వెనుక రెక్కను మధ్యలో కోసి అతికించే బదులు ఫ్యాక్టరీ అతుకుల వరకు మొత్తం మార్చడమే మంచిది. మధ్య అతుకు వేడికి రేకు అలలు తేలి, ఆ అలల్ని పుట్టీతో నింపాల్సి వస్తుంది.

సాండ్ బ్లాస్టింగ్ ఫ్రేమ్‌కే పరిమితం చేయాలి. బానెట్, డిక్కీ మూత వంటి వెడల్పు రేకులు దానికి వంకరపోతాయి. సోడా బ్లాస్టింగ్ రేకును కాపాడుతుంది కానీ మిగిలిన పొడిని పూర్తిగా కడిగి తటస్థం చేయకపోతే కొన్ని నెలలకు రంగు పొరలుగా లేస్తుంది. శుభ్రమైన రేకు మీద ఒక రోజులోపే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. 1968 నుంచి వచ్చిన ఎండ్యూరా ముందు బంపర్ రబ్బరు లాంటి పదార్థం. దానికి మామూలు పుట్టీ పెడితే పగులుతుంది. సాగే ఫిల్లరు, సాగే రంగు మాత్రమే నిలుస్తాయి.

## పై కప్పు

కప్పును లేపేది వెనుక సీటు వెనకున్న మోటారు పంపు, రెండు హైడ్రాలిక్ సిలిండర్లు. మోటారు మోగుతున్నా కప్పు కదలకపోతే ద్రవం తగ్గింది, లేదా గాలి చేరింది. ఒక పక్క ముందు, ఒక పక్క వెనుక లేస్తుంటే ఒక సిలిండర్ లీకవుతోంది. అలాగే నొక్కుతూ పోతే కప్పు కమ్ములు మెలితిరుగుతాయి. పాత వ్యవస్థల్లో బ్రేక్ ఆయిల్ వాడేవారు, తర్వాత ఆటోమేటిక్ గేర్ ఆయిల్ వచ్చింది. రెండూ కలిస్తే సీళ్లు ఉబ్బి చెడతాయి. ట్యాంకులో ఏముందో చూడకుండా పైన పోయకూడదు. మార్చేటట్టయితే సిలిండర్లు, గొట్టాలు కూడా మార్చాలి.

బిగింపులోనూ వరస తప్పకూడదు. ముందు అద్దం, తర్వాత కప్పు కమ్ముల చట్రం, ఆపై తలుపు అద్దాలను చట్రానికి సరిపెట్టడం, అన్నీ కుదిరాక గుడ్డ. ముందే గుడ్డ బిగించి తర్వాత అద్దాలు సరిపెట్టబోతే గుడ్డ విప్పాల్సి వస్తుంది. కొత్త బీడింగ్ మందంగా ఉండి తలుపు మూసుకోకపోవడం సహజం. తలుపులు మూసి కొన్ని రోజులు ఉంచితే సర్దుకుంటుంది. దానికోసం కీళ్లు కదపకూడదు. కొత్త గుడ్డను కొన్ని రోజులు ఎండలో పైకెత్తే ఉంచాలి.

## ఇంజిన్‌లో పాంటియాక్ ప్రత్యేకతలు

400 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌కు బోర్ 4.12, స్ట్రోక్ 3.75 అంగుళాలు. అసలు బ్లాక్‌ను కాపాడుకోవాలంటే రీబోర్ (సిలిండర్ రంధ్రాన్ని వెడల్పు చేయడం) 0.030 అంగుళంతో ఆపడం మంచిది, మళ్లీ ఒకసారికి చోటు మిగులుతుంది. పాత క్యామ్ గేరుకు నైలాన్ పళ్లుంటాయి. అవి పెళుసుబారి విరిగి ఆయిల్ పంపు జల్లెడలో చేరతాయి. పూర్తి స్టీలు గేరు వేయడమే సరైన పని. వెనుక మెయిన్ సీల్ తాడు రకం. సరిగ్గా కుదించి అమర్చకపోతే కొత్త ఇంజిన్ కూడా మొదటి వారమే నూనె కారుతుంది. పోత కనెక్టింగ్ రాడ్ల స్థానంలో ఫోర్జ్ రాడ్లు వేస్తే బయటికి ఏ తేడా కనిపించదు, ఇంజిన్‌కు భద్రత.

బండి వేడెక్కుతోందని రేడియేటర్ మీద రేడియేటర్ మార్చేవాళ్లుంటారు. పాంటియాక్‌లో తరచుగా దోషం వాటర్ పంపు వెనకున్న పలుచటి డివైడర్ ప్లేటుది. పంపు రెక్కలకూ ఆ ప్లేటుకూ మధ్య ఖాళీ ఎక్కువైతే నీరు ముందుకు వెళ్లకుండా అక్కడే తిరుగుతుంది. కొత్త పంపు బిగించేటప్పుడే ప్లేటును రెక్కలకు తగలకుండా వీలైనంత దగ్గరగా వంచి సరిపెట్టాలి.

ర్యామ్ ఎయిర్ 3కు ప్రకటించిన కంప్రెషన్ 10.75. అది అప్పటి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలుకు తగ్గట్టు పెట్టింది. సీసపు పెట్రోలు అమెరికా రోడ్ల మీద 1996 నాటికి పూర్తిగా పోయింది. ఇప్పటి 93 ఆక్టేన్‌తో నాకింగ్ (పెట్రోలు వేళకు ముందే మండి ఇంజిన్ టకటకలాడడం) రాకుండా నడవాలంటే గుంట ఉన్న పిస్టన్లతో 9.5 దగ్గరకు దించుతారు. దీనివల్ల అసలు హెడ్లను కోయనక్కర్లేదు, వాటి సంఖ్యలు భద్రంగా ఉంటాయి. కొత్త క్యామ్‌ను మొదటిసారి స్టార్ట్ చేసిన వెంటనే 2,000-2,500 ఆర్‌పీఎం మధ్య 20 నిమిషాలు నడపాలి, జింక్ ఉన్న ఆయిల్‌తో. ఐడ్లింగ్‌లో వదిలేస్తే క్యామ్ లోబ్ అరిగిపోతుంది.

## కొనుగోలు మీద దీని ప్రభావం

ఫ్రేమ్, రాకర్లు పోయిన మామూలు కన్వర్టిబుల్‌ను పూర్తిగా బాగుచేస్తే ఖర్చు కారు విలువను దాటడం సాధారణం. అసలు జడ్జ్‌కైతే అదే పని గిట్టుతుంది. అందువల్ల బిల్లు నకలు రాకముందు ధర ఖాయం చేయడం ఎప్పుడూ నష్టమే. డెట్రాయిట్ శివార్లలో ఆటో కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఈ కార్లు పుట్టిన ఊరికి దగ్గర్లో ఉన్నా, మిషిగన్ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు తిన్న కారు కంటే టెక్సాస్, ఆరిజోనా వంటి పొడి ప్రాంతాల కారు చూడటం మేలు. రవాణా ఖర్చు ఫ్రేమ్ పనిలో నాలుగో వంతు కూడా కాకపోవచ్చు.

ఇలాంటి కారు భారత్‌లో రిజిస్టర్ కావాలంటే 2021 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు వేరే విధానం ఉంది. కారు మొదటి రిజిస్ట్రేషన్‌కు 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. రోజువారీ ప్రయాణాలకు, వ్యాపారానికి వాడకూడదు. ఫ్యాక్టరీ బిల్లు, ముద్రల ఫొటోలు, ఏ ముక్క మార్చారో చూపే వరస చిత్రాలు అప్పుడు అధికారుల ముందు పెట్టాల్సిన ఆధారాలవుతాయి. ఇక ఇక్కడి మామూలు పెట్రోలు చాలాకాలం 91 ఆర్‌ఓఎన్‌గా ఉండేది (ఆర్‌ఓఎన్ అంటే ఆక్టేన్‌ను కొలిచే ఒక పద్ధతి). అమెరికా పంపు మీది 93 అనేది వేరే కొలత, ఆర్‌ఓఎన్ లెక్కలో దాదాపు 98కి సమానం. 9.5 కంప్రెషన్‌కు దించిన ఇంజిన్ కూడా 91 ఆర్‌ఓఎన్ పెట్రోలుతో నాకింగ్ చేయవచ్చు. బంకులో ప్రీమియం రకమే పోయించాలి, ఇగ్నిషన్ టైమింగ్ కూడా దానికి తగ్గట్టు వెనక్కి సరిచేసుకోవాలి.